పుట్ ఆఫ్ అంటే ‘ఆఫ్’ కాదు!

మా పెదనాన్నకు ఎనభై దగ్గర పడుతోంది. తెనాలి పక్కన పల్లెటూళ్లో ఉంటారు. రెండేళ్ల కిందట ఆయనకు హెర్నియా ఆపరేషన్ చేయాలన్నారు. తీరా పట్నంలో ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి షుగరు మూడు వందలు దాటి ఉంది. డాక్టరుగారు చూసి, ఒక చీటీ రాసిచ్చి పంపేశారు. ఆ చీటీ మీద ఉన్నది మూడే మూడు ముక్కలు. ‘సర్జరీ పుట్ ఆఫ్. కంట్రోల్ షుగర్. రివ్యూ ఆఫ్టర్ టూ వీక్స్.’

ఇంటికొచ్చాక పక్కింటి కుర్రాణ్ని పిలిచి చదివించారు. ఇంటర్ చదువుతున్నాడు, తెలివైనవాడే. ‘సర్జరీ ఆఫ్ అంట తాతా, ఆపేశారు, ఇక అక్కర్లేదు’ అన్నాడు. వాడి తప్పేముంది చెప్పండి? లైటు ఆఫ్ అంటే లైటు ఆరిపోవడం. ఫ్యాను ఆఫ్ అంటే ఫ్యాను ఆగిపోవడం. ఫోను స్విచ్ ఆఫ్ అంటే ఇక మాట్లాడేది లేదు. మరి సర్జరీ ఆఫ్ అంటే? పెద్దమ్మ ఆ సాయంత్రమే ఆంజనేయస్వామి గుళ్లో కొబ్బరికాయ కొట్టించింది. షుగరు మాత్రలు మాత్రం వేళకి వేసుకున్నారు, ఎందుకంటే ‘కంట్రోల్ షుగర్’ అన్నది అందరికీ అర్థమైంది. అసలు ఆపరేషనే లేనప్పుడు రివ్యూకి ఎందుకు, బస్సు ఛార్జీలు దండగ అనుకున్నారు.

పెద్దమ్మ నాకూ ఫోన్ చేసింది. ‘ఒరేయ్ అబ్బాయ్, మీ పెదనాన్నకి కత్తిగండం తప్పిందిరా. ఏదో చీటీ ఇచ్చారు. నువ్వు ఓసారి వచ్చి చూసిపో’ అంది. ‘ఆదివారం వస్తాను పెద్దమ్మా’ అన్నాను. ఆ ఆదివారం ఏదో పని పడింది. మరుసటి ఆదివారం పెళ్లి. ఆ తర్వాత వాన. అలా ఐదు వారాలు గడిచాయి. ఐదో వారంలో ఓ రాత్రి పదకొండింటికి ఫోను. పేగు ఇరుక్కుపోయింది, వాంతులు, భరించలేని నొప్పి. అప్పటికప్పుడు కారు మాట్లాడుకుని వెళ్తే, తెల్లవారుజామున ఆపరేషన్ చేశారు. ఇంకో నాలుగు గంటలు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమన్నారు. ఆయన బయటపడ్డారు. చీటీని నేను చూసింది మాత్రం ఆ తెల్లవారుజామునే, ఆసుపత్రి వరండాలో, ట్యూబ్‌లైటు కింద.

‘పుట్ ఆఫ్’ అంటే ఆపేయడం కాదు. వాయిదా వేయడం. షుగరు తగ్గేవరకూ ఆగి, తర్వాత చేద్దామని ఆ డాక్టరుగారి ఉద్దేశం. ఆ సంగతి తెలుగులో రెండు ముక్కలు చెప్పి ఉంటే సరిపోయేది కదా అనిపించింది. కానీ ఆ మాట అనే అర్హత నాకు మాత్రం ఎక్కడిది? వారం వారం ఈ పేజీలో ఇంగ్లిష్ మాటల గురించి మీకు చెబుతున్నవాణ్ని, మా ఇంటి చీటీ చదవడానికి ఐదు ఆదివారాలు వెళ్లలేకపోయాను. అందుకే ఈ వారం ఈ ఒక్క మాట గురించే.

ఇంగ్లిష్‌లో ఇలాంటి జంట మాటలు వేలల్లో ఉన్నాయి. పుట్, గెట్, టేక్, కాల్, టర్న్ లాంటి చిన్న క్రియ ఒకటి. దాని పక్కన ఆఫ్, ఆన్, అప్, అవుట్ లాంటి తోక ఒకటి. రెండూ కలిశాక పుట్టే అర్థం తల్లి పోలికా కాదు, తండ్రి పోలికా కాదు. వీటినే ఫ్రేజల్ వర్బ్స్ అంటారు. 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ అనే రచయిత తన పుస్తకంలో వాడాక ఈ పేరు నలుగురిలో పడింది. పేరు కొత్తదే గానీ మాటలు మాత్రం తాతల నాటివి.

ఇదేదో ఇంగ్లిష్ వాళ్ల పిచ్చి అనుకోకండి. మన ‘పెట్టు’ని చూడండి. అన్నం పెడతాం, సరే. చివాట్లు పెడతాం, పేరు పెడతాం, కన్నీళ్లు పెడతాం, తాకట్టు పెడతాం. పని ‘మొదలుపెట్టాం’ అంటే దేన్ని తీసుకెళ్లి ఎక్కడ పెట్టినట్టు? ‘కొట్టు’ ఇంకా ఘోరం. ఎగ్గొట్టడం, చెడగొట్టడం, అదరగొట్టడం... ఇందులో ఎక్కడా ఎవరికీ దెబ్బ తగలదు. తెలుగు నేర్చుకునే విదేశీయుడు ‘క్లాసు ఎగ్గొట్టాడు’ అన్న మాట దగ్గర ఎంత తల పట్టుకుంటాడో, మన కుర్రాడు ‘సర్జరీ పుట్ ఆఫ్’ దగ్గర అంతే తల పట్టుకున్నాడు.

అసలు చిక్కంతా ‘ఆఫ్’ దగ్గరుంది. మన ఇళ్లలోకి ఈ మాట స్విచ్చుల ద్వారా వచ్చింది. అందుకే ఆఫ్ అంటే ఆరిపోవడం, ఆగిపోవడం అని మన మనసులో ముద్ర పడిపోయింది. కానీ ఆ మాటకి మొదటి అర్థం అది కాదు. ‘దూరంగా’, ‘అవతలికి’ అని. ‘గెట్ ఆఫ్ ద బస్’ అంటే బస్సు నుంచి ఇవతలికి రావడం, అంటే దిగడం. ‘టేక్ ఆఫ్ యువర్ షూస్’ అంటే బూట్లు కాళ్ల నుంచి వేరు చేయడం. ఇంకో తమాషా ఏమిటంటే, బడిలో మనం ‘యొక్క’ అని బట్టీ పట్టే ‘ఒ-ఎఫ్’ ఆఫ్, ఈ ‘ఒ-డబుల్ ఎఫ్’ ఆఫ్ ఒకప్పుడు ఒకటే మాట. గట్టిగా ఒత్తి పలికినది వేరుపడి, ఇంకో ఎఫ్ తగిలించుకుంది. తోబుట్టువులన్నమాట!

ఇప్పుడు ‘పుట్’కి ‘ఆఫ్’ చేర్చండి. దూరంగా పెట్టడం. దేన్ని? ఒక పనిని. ఎక్కడ దూరంగా? కాలంలో. ఈ రోజు చేయాల్సినదాన్ని అవతలి రోజుకి జరిపి పెట్టడం. పని చావలేదు, జరిగిందంతే.

పని చచ్చిపోతే దానికి వేరే మాట ఉంది: ‘కాల్ ఆఫ్’. ఇక లేదు, రద్దు, అయిపోయింది. ‘కాల్ ఆఫ్ యువర్ డాగ్’ అనే మాట ఇప్పటికీ ఉంది. మీద పడబోతున్న కుక్కను యజమాని వెనక్కి పిలవడం. అలాగే పెళ్లినీ, సమ్మెనీ, మ్యాచ్‌నీ వెనక్కి పిలిచేయడం కాల్ ఆఫ్. ‘ద వెడ్డింగ్ హ్యాజ్ బీన్ పుట్ ఆఫ్’ అంటే మూఢమో, ముట్టుడో, మేనత్త పోవడమో జరిగి ఇంకో ముహూర్తం పెట్టుకుంటున్నారని. ‘ద వెడ్డింగ్ హ్యాజ్ బీన్ కాల్డ్ ఆఫ్’ అంటే కల్యాణమండపం అడ్వాన్సు వెనక్కి అడగాల్సిందే. మొదటిదానికి పలకరింపు ఫోను చాలు. రెండోదానికి మనిషి స్వయంగా వెళ్లాలి.

కరోనా వచ్చిన 2020 ఈ రెండు మాటలకీ మంచి పాఠం చెప్పింది. ఆ ఏడాది టోక్యోలో జరగాల్సిన ఒలింపిక్స్‌ని మార్చి 24న పుట్ ఆఫ్ చేశారు. 2021 జులై 23న మొదలై జరిగాయి కూడా. పేరు మాత్రం ‘టోక్యో 2020’గానే ఉంచారు. వారం తిరిగేసరికి, ఏప్రిల్ 1న, వింబుల్డన్ టెన్నిస్‌ని కాల్ ఆఫ్ చేశారు. ఆ ఏడాది పోటీలు ఇక లేవు, రెండో ప్రపంచయుద్ధం తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. అన్నట్టు, 1940 ఒలింపిక్స్ కూడా మొదట టోక్యోకే దక్కాయి. యుద్ధం వల్ల అవి ఎక్కడా జరగనే లేదు. అది అచ్చమైన కాల్ ఆఫ్.

అంత దూరం ఎందుకు, మన ఇళ్లలోనే చూశాం. తెలంగాణలో 2020 మార్చిలో పదో తరగతి పరీక్షలు మొదలయ్యాక మధ్యలో ఆగాయి. అప్పటికి అది పుట్ ఆఫ్. పిల్లలు పుస్తకాలు పట్టుకునే కూర్చున్నారు. జూన్‌లో మిగతా పరీక్షలు రద్దు చేసి అందర్నీ పాస్ చేశారు. అప్పుడది కాల్ ఆఫ్ అయింది. అదే నెలలో ఆంధ్రప్రదేశ్ కూడా పది పరీక్షలు రద్దు చేసింది. ఆ రెండు మాటల మధ్య ఉన్న మూడు నెలలు ఎలా గడిచాయో పదో తరగతి పిల్లలున్న తల్లులను అడగాలి. పుట్ ఆఫ్‌లో ఉన్న బాధంతా అక్కడే ఉంది. పుస్తకం మూయనివ్వదు, తెరిస్తే మనసు పట్టదు.

ఇంగ్లిష్ మీడియం పిల్లల చరిత్ర పాఠంలోనూ ఈ మాట తగులుతుంది. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో జనం పోలీస్ స్టేషన్‌కి నిప్పు పెట్టాక గాంధీజీ సహాయ నిరాకరణ ఉద్యమాన్ని ‘కాల్డ్ ఆఫ్’ అని రాసి ఉంటుంది. ఉపసంహరించుకున్నారన్నమాట. మన గుంటూరు జిల్లా పెదనందిపాడు రైతుల పన్నుల నిరాకరణ కూడా ఆ రోజుల్లోనే ఆగిపోయింది. ఆ వాక్యంలో కాల్డ్ ఆఫ్ బదులు ‘పుట్ ఆఫ్’ అని పిల్లవాడు పరీక్షలో రాస్తే, గాంధీజీ ఏదో మంచి రోజు చూసుకుని మళ్లీ మొదలుపెడదామన్నట్టు అవుతుంది. మాస్టారు మార్కు కోసేస్తే గొడవకి వెళ్లకండి.

ఇక్కడ మన ‘వాయిదా’ గురించి కూడా ఓ మాట. ఇది ఉర్దూ దారిన మనకొచ్చింది. అసలు అర్థం ఇచ్చిన మాట, పెట్టిన గడువు. అందుకే అప్పు తీర్చే కిస్తీనీ వాయిదా అంటాం, కోర్టు తారీఖునీ వాయిదా అంటాం. ‘ఎల్లుండి వాయిదా ఉంది’ అని ప్లీడరుగారంటే కేసు ఆగిందని కాదు, ఎల్లుండి కోర్టుకి రమ్మని. అంటే మన వాయిదాలో ఒక తేదీ దాక్కుని ఉంది. ఇంగ్లిష్ ‘అడ్జర్న్’ కూడా అంతే, ఫ్రెంచివాళ్ల ‘రోజు’ అన్న మాట అందులో ఉంది. కానీ ఈ పుట్ ఆఫ్‌లో ఏ తేదీ లేదు. అందుకే ఎవరైనా పుట్ ఆఫ్ అన్నారంటే వెంటనే అడగాల్సిన ప్రశ్న ఒకటే. టిల్ వెన్? ఎప్పటిదాకా?

దానికి జవాబు వాక్యంలో ఎలా వస్తుందో చూడండి. తేదీ చెబితే ‘టిల్’ గానీ ‘అంటిల్’ గానీ. ‘ద మీటింగ్ హ్యాజ్ బీన్ పుట్ ఆఫ్ టిల్ మండే’: మీటింగు సోమవారానికి వాయిదా పడింది. ఎంతకాలమో చెబితే ‘ఫర్’. ‘పుట్ ఆఫ్ ఫర్ ఎ వీక్’: వారం పాటు వాయిదా. ఆఫీసు కాగితాల్లో అయితే దీని బదులు ‘పోస్ట్‌పోన్’ రాస్తారు. అది లాటిన్ నుంచి వచ్చిన పెద్దింటి మాట. ‘పోస్ట్’ అంటే తర్వాత, మిగతాది ‘పెట్టడం’. అంటే అదీ ‘తర్వాత పెట్టడమే’, కోటు తొడుక్కుందంతే. ఇక దానికి ఎదురుగా మన దేశంలో వాడే ‘ప్రీపోన్’ని వెక్కిరించేవాళ్లున్నారు. నాకైతే అది చక్కటి మాట. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు కూడా భారతీయుల ఇంగ్లిష్ అని ముద్ర వేసి నిఘంటువులో చోటిచ్చారు. ఇంగ్లండ్ వాళ్లతో మాట్లాడేటప్పుడు మాత్రం ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అనండి, వాళ్లకి తొందరగా ఎక్కుతుంది.

మన పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది రెండు చోట్ల. ఒకటి: ‘ఐ పుట్ ఆఫ్ టు గో టు ద డెంటిస్ట్’ అంటారు. ‘టు గో’ కాదు, ‘గోయింగ్’ రావాలి. ‘ఐ పుట్ ఆఫ్ గోయింగ్ టు ద డెంటిస్ట్.’ పంటి డాక్టరు దగ్గరికి వెళ్లడాన్ని వాయిదా వేశాను. మన ‘వెళ్లడం’ ఎక్కడ వస్తుందో అక్కడ వాళ్ల ‘గోయింగ్’ వస్తుందని గుర్తు పెట్టుకోండి, సగం కష్టం తీరుతుంది. రెండోది: ‘ఇట్’ ఎక్కడ పెట్టాలి? ‘పుట్ ఆఫ్ ద ట్రిప్’ అనొచ్చు, ‘పుట్ ద ట్రిప్ ఆఫ్’ అనొచ్చు. కానీ ‘ఇట్’ వచ్చిందంటే అది మధ్యలోనే కూర్చోవాలి. ‘పుట్ ఇట్ ఆఫ్.’ ‘పుట్ ఆఫ్ ఇట్’ అనకూడదు. చంటిపిల్లని తల్లీతండ్రీ మధ్య పడుకోబెట్టినట్టు! ‘కాల్ ఇట్ ఆఫ్’కి కూడా ఇదే లెక్క.

ఇంతవరకూ పనిని దూరంగా పెట్టడం చూశాం. మరి మనిషిని దూరంగా పెడితే?

పాత సంగతి ఒకటి కొందరికి గుర్తుండే ఉంటుంది. 1990ల్లో మన ఊళ్లలో గోడల మీద, తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకునేవారు. కర్ణాటకలో ‘నాళె బా’ అని. రాత్రిపూట దయ్యం వచ్చి తలుపు కొడుతుందనీ, ఈ రాత చదివి రేపు వద్దామని వెళ్లిపోతుందనీ పుకారు. మళ్లీ రేపు వస్తుంది, మళ్లీ అదే చదువుతుంది. పాపం, చదువుకున్న దయ్యం! ఇంగ్లిష్‌లో దీన్ని చెప్పాలంటే ‘దే పుట్ హర్ ఆఫ్’. వచ్చిన మనిషిని ఏదో సాకు చెప్పి, పని చేయకుండా పంపించేయడం. కిరాణా కొట్లో ‘అరువు రేపు’ బోర్డు చేసే పనీ ఇదే. ‘హి కీప్స్ పుటింగ్ మి ఆఫ్ విత్ ఎక్స్‌క్యూజెస్’: ఏదో ఒక వంక చెప్పి తిప్పుతూనే ఉన్నాడు. బాకీ వసూలుకు వెళ్లినవాళ్లకి, ఇల్లు కట్టించుకుంటూ తాపీమేస్త్రీ కోసం ఎదురుచూసేవాళ్లకి ఈ వాక్యం నోటికి రావాలి.

ఇంకో అర్థం మనసుకు సంబంధించింది. పెళ్లిచూపుల్లో అబ్బాయి నచ్చాడు, ఉద్యోగం నచ్చింది. అబ్బాయి తండ్రి కాఫీ తాగుతూ ‘మీకు ఈ ఇల్లు ఒక్కటేనా, పొలం కూడా ఉందా?’ అన్నాడు. అంతే, అమ్మాయికి మనసు విరిగిపోయింది. ‘హిజ్ క్వశ్చన్ పుట్ హర్ ఆఫ్.’ ఇక్కడ వాయిదా లేదు, వంక లేదు. ఇష్టం దూరమైపోయింది. ‘ద స్మెల్ పుట్ మి ఆఫ్ మై ఫుడ్’ అంటే ఆ వాసనకి అన్నం మీద వెగటు పుట్టిందని. ఇందులోంచే ‘ఆఫ్-పుటింగ్’ అనే విశేషణం వచ్చింది. మొహం చిట్లించేలా చేసేది ఏదైనా ఆఫ్-పుటింగే. జాగ్రత్తగా చూడండి, ఈ రెండు అర్థాల్లోనూ ‘పుట్’కీ ‘ఆఫ్’కీ మధ్య ఒక మనిషి ఉన్నాడు. మధ్యలో మనిషి కనిపిస్తే పని వాయిదా కాదని అనుమానించాలి.

పిల్లవాడు లెక్కలు చేసుకుంటుంటే పక్కన టీవీ పెట్టి ధారావాహిక చూస్తున్నారనుకోండి. ‘యు ఆర్ పుటింగ్ మి ఆఫ్’ అని వాడంటే, ధ్యాస చెడగొడుతున్నారని ఫిర్యాదు. ఈ అర్థం ఇంగ్లండులో ఎక్కువగా వినిపిస్తుంది. ‘పుట్ ఆఫ్ ద లైట్’ అని మనవాళ్లు తరచూ అంటుంటారు. అర్థం కాకపోదు గానీ, ‘టర్న్ ఆఫ్’, ‘స్విచ్ ఆఫ్’ అనడం మేలు. పాత ఇంగ్లిష్ బైబిలులో చెప్పులు విడవడానికీ ‘పుట్ ఆఫ్’ అనే ఉంది. ఇప్పుడలా ఎవరూ అనరు.

అన్నట్టు, విజయనగరం నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. వాళ్లబ్బాయి అమెరికా నుంచి ‘ట్రిప్ ఈజ్ ఆఫ్, మా’ అని మెసేజ్ పెట్టాడట. ఈ ‘ఆఫ్’ ఏ ఆఫ్ అండీ అని అడిగారు. పుట్ లేదు, కాల్ లేదు, ఉత్త ఆఫ్. అమ్మా, ఒంటరిగా వచ్చిన ‘ఈజ్ ఆఫ్’ మామూలుగా రద్దే, అంటే కాల్ ఆఫ్ వైపే. అయినా ఈ కాలం పిల్లలు తొందరలో ఏదో ఒకటి కొట్టేస్తుంటారు. ఫోన్ చేసి అడగండి. ఆవకాయ జాడీకి మూత తీయడం అప్పటిదాకా పుట్ ఆఫ్ చేయండి.

మా పెదనాన్న ఇప్పుడు బాగానే ఉన్నారు. పొద్దున్నే చెరువుగట్టు దాకా నడిచొస్తున్నారు. ఆ చీటీని మడత పెట్టి పంచాంగంలో దాచుకున్నారు, ఎందుకని అడిగితే నవ్వుతారు. మొన్న నేను ఫోన్ చేసి, ‘ఈ ఆదివారం రావడం కుదిరేట్టు లేదు పెదనాన్నా’ అన్నాను. అవతల ఒక క్షణం చప్పుడు లేదు. ఆ తర్వాత ఆయన గొంతు.

‘పుట్ ఆఫా నాయనా, కాల్ ఆఫా?’

శనివారం సాయంత్రం బస్సెక్కాను.